ఆఫీసు రిక్వెస్టులకు నో-కోడ్ యాప్: అపోహలు - వాస్తవాలు

ఏసీ పనిచేయట్లేదు, గేట్‌పాస్ కావాలి, క్యాబ్ పికప్ పాయింట్ మార్చండి... ఇవన్నీ ఇంకా వాట్సాప్ గ్రూపులోనే నడుస్తున్న కంపెనీలు మన వైజాగ్‌లో బోలెడు. ఆటోనగర్ వర్క్‌షాపుల నుంచి రుషికొండ ఐటీ ఆఫీసుల దాకా ఇలాంటి వాటికి యాప్‌లు చేసివ్వడమే నా పని. నేను ఎక్కువగా వాడేది పవర్ యాప్స్, అంటే కోడ్ రాయకుండా యాప్ చేసుకునే మైక్రోసాఫ్ట్ టూల్. వెనకాల డేటా ఉండేది షేర్‌పాయింట్ లిస్ట్‌లో, అంటే ఆన్‌లైన్ పట్టికలో. ఎక్కడికెళ్లినా ఈ మాటలే వినిపిస్తాయి.

అపోహ: కోడింగ్ లేదుగా, ఒక శనివారం కూర్చుంటే అయిపోతుంది.

ఫారం అయిపోతుంది, నిజమే. అసలు పని మాత్రం ఎవరు ఓకే చెయ్యాలో తేల్చడం. పరవాడలో ఒక ఫ్యాక్టరీ అనుకోండి, బి షిఫ్ట్, రాత్రి 9 గంటలు, పాడైన మోటారు రిపేరుకి బయటికి వెళ్లాలి, మేనేజరు ఇంటికెళ్లిపోయారు, గేటు దగ్గర సెక్యూరిటీ ఆపేశాడు. ఆ గేట్‌పాస్ ఎవరి ఫోన్‌కి వెళ్లాలి? షిఫ్ట్ ఇన్‌చార్జికా? ఆయన సెలవులో ఉంటే? ఇది ముందే కాగితం మీద గీసుకోకపోతే ఏ టూలూ కాపాడదు. ఇంకోటి, రిక్వెస్టుని ఒకరి నుంచి ఇంకొకరికి పంపేది పవర్ ఆటోమేట్ అనే టూల్, అందులో ఒక ఫ్లో (ఆ పంపే వరుస) 30 రోజులకు మించి నడవదు. అంతవరకూ ఎవరూ నొక్కని అప్రూవల్ ఆగిపోతుంది. అందుకే రెండు రోజులకో రిమైండరు, ఆ తర్వాత పై అధికారికి వెళ్లేలా నేను తప్పనిసరిగా పెడతాను. స్టేటస్‌లో కూడా ఉత్త ‘పెండింగ్’ అని కాకుండా ఎవరి దగ్గర పెండింగో రాయండి, సగం ఫోన్ కాల్స్ తగ్గిపోతాయి.

అపోహ: టెస్టింగ్‌లో బాగా పనిచేసింది, ఇక టెన్షన్ లేదు.

టెస్టింగ్‌లో పాతిక రికార్డులుంటాయి. కొన్ని ఫార్ములాలను షేర్‌పాయింట్ తనంతట తాను వెతికి ఇవ్వలేదు, అప్పుడు యాప్ మొదటి 500 వరుసలే తెచ్చుకుని వాటిలోనే వెతుకుతుంది. సెట్టింగు మార్చినా 2000 దాటదు. కొన్ని నెలలు పోయాక పాత రిక్వెస్టులు కనిపిస్తూ నిన్న పెట్టినవి కనిపించవు, ఎర్రర్ కూడా రాదు, జనం మాత్రం యాప్ మింగేసిందంటారు. యాప్ తయారుచేసేటప్పుడు ఫార్ములా పక్కన పసుపు త్రికోణం వస్తే వదిలెయ్యకండి, అది చెప్పేది ఇదే. సెర్చ్ ఫార్ములా బదులు, మొదటి అక్షరాలతో వెతికే స్టార్ట్స్‌విత్ వాడండి, స్టేటస్‌తో ముందే ఫిల్టర్ చెయ్యండి.

అపోహ: బటన్ దాచేస్తే డేటా భద్రం.

కాదు. యాప్ వాడేవాళ్లకి వెనకున్న లిస్టుకీ యాక్సెస్ ఇవ్వాల్సిందే, అంటే లింకు దొరికితే బ్రౌజర్‌లో తెరిచి పక్కవాడి అడ్వాన్స్ రిక్వెస్టు కూడా చదివేయొచ్చు. ఎవరు పెట్టింది వాళ్లకే కనిపించేలా లిస్టు అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో మార్చండి. అప్రూవ్ చేసేవాళ్లకి వేరే అనుమతి ఉండాలి.

అపోహ: అంతా ఫ్రీ.

షేర్‌పాయింట్‌తో అయితే చాలా కంపెనీల మైక్రోసాఫ్ట్ 365 ప్లాన్‌లోనే నడుస్తుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్ లాంటి డేటాబేస్ కలిపారా, ప్రీమియం లైసెన్సు కావాలి. ముందే అడగండి.

అపోహ: యాప్ ఇచ్చేస్తే జనం వాడతారు.

సూపర్‌వైజరు గ్రూపులో మెసేజ్ చూసి పని చేయించినంత కాలం యాప్ ఎవరూ తెరవరు, వాళ్ల తప్పేం లేదు. లేబుళ్లు తెలుగులో పెట్టండి, టైపింగ్ బదులు ఫొటో తీసి పంపేలా చెయ్యండి. సూపర్‌వైజర్లకి మాత్రం గట్టిగా చెప్పండి, గ్రూపులో ఏది వచ్చినా “యాప్‌లో పెట్టు బాబూ” అని లింకు పంపడమే, ఎండీగారు అడిగినా సరే.