ఇటలీ ఇంటి భోజనం: అపోహలు – వాస్తవాలు

ఎక్స్ఛేంజ్ ప్రోగ్రాంలో ఇటలీ వెళ్లి అక్కడి కుటుంబాలతో ఉండబోయే మన పిల్లలకు ముందుగా శిక్షణ ఇవ్వడం నా పని. తల్లిదండ్రుల టెన్షన్ అంతా తిండి గురించే.

అపోహ: రోజూ పిజ్జాలే తింటారు.
లేదు. చాలా ఇళ్లలో అది వారాంతం రాత్రి సరదా. అదీ మనిషికొకటి.

అపోహ: ప్రతి పూటా నాలుగైదు వరసల విందు.
అది ఆదివారం మధ్యాహ్నాలకు, పండగలకు. మామూలు రోజున పాస్తా, ఏదో ఒక కూర, చివర్లో పండు. చాలా హైస్కూళ్లు మధ్యాహ్నం ఒకటిన్నర, రెండుకల్లా వదిలేస్తాయి, పిల్లలు ఇంటికొచ్చే తింటారు. బస్సు దిగానని మెసేజ్ వస్తేగానీ ఎసట్లో పాస్తా వేయని తల్లులున్నారు. లీటరు నీళ్లకు 100 గ్రాముల పాస్తా, 10 గ్రాముల ఉప్పు. ప్యాకెట్ మీద రాసినన్ని నిమిషాలే ఉడికించి, ఓ గరిటెడు గంజి తీసి సాస్‌లో కలిపి, పలుకు మీదుండగానే వడ్డిస్తారు. ఇంకో ఐదు నిమిషాలు ఆగితే ముద్దయిపోతుంది. అందుకే పిలవగానే బల్ల దగ్గరికి రావాలి. మనవాళ్లు "రెండు నిమిషాలు" అంటూ ఫోన్ పట్టుకుని కూర్చోవడం అక్కడి అమ్మలకు మహా చిరాకు. ఉడకలేదని ఫిర్యాదు చేయడం ఇంకా చిరాకు.

అపోహ: చీజ్ ఉంది కదా, శాకాహారులకు ఇబ్బంది లేదు.
అసలు చిక్కు అక్కడే. పార్మిజానో రెజ్జానో అనే చీజ్‌కి పాలు తోడుకునేందుకు వాడేది దూడ కడుపు నుంచి తీసిన రెన్నెట్. రిసోట్టో అనే అన్నం వంటకాన్ని తరచూ మాంసం ఉడికించిన నీళ్లతోనే వండుతారు. శనగలు, బీన్స్ గింజలతో చేసే పాస్తా మన పిల్లలకు బాగా నచ్చుతుంది గానీ, కొన్ని ఇళ్లలో దాని పోపులో పంది మాంసం ముక్కలు పడతాయి. "వెజిటేరియన్" అని ఒక్క ముక్క రాస్తే ట్యూనా చేప పెట్టేవాళ్లూ ఉన్నారు. చేప, గుడ్డు, మాంసం నీళ్లు, రెన్నెట్... ఏది తినరో విడివిడిగా రాసివ్వండి.

అపోహ: అన్నం దొరకదు.
యూరప్‌లో వరి ఎక్కువగా పండించే దేశమే ఇటలీ. పో నది మైదానంలో వెర్చెల్లి, పావియా చుట్టూ ఎటు చూసినా వరిమళ్లే. రైస్ కుక్కర్ మోసుకెళ్లక్కర్లేదు.

అపోహ: కారం తెలియనివాళ్లు.
దక్షిణాన కారం బాగా తినే కలాబ్రియా వైపు ఇల్లు దొరికితే ఆ మాట అనరు.

నిజంగా కష్టపెట్టేది పొద్దుటి టిఫిన్. పాలకాఫీలో ముంచుకున్న తీపి బిస్కెట్లు, అంతే. ఇడ్లీ, ఉప్మా అలవాటున్న కడుపుకి పదకొండింటికే ఆకలేస్తుంది. స్కూల్ బ్యాగులో ఏదో ఒకటి పెట్టుకోమనండి.

ఇంకొకటి. పెట్టెలో నెయ్యి, పాలకోవా, చికెన్ పచ్చడి సర్దకండి. యూరోపియన్ యూనియన్ బయటి నుంచి ప్రయాణికులు మాంసం, పాల పదార్థాలు తేవడం నిషేధం. కందిపొడి ఓ చిన్న సీసా చాలు. నెయ్యి బదులు అక్కడి ఆలివ్ నూనె వేసుకుంటారు.