తెల్లవారుజామున తోకకు అంటిన తీగ

నర్సంపేట వైపు మా ఊళ్లో పోయిన వానాకాలం ఒక పొద్దున, మా జెర్సీ క్రాస్ పెయ్య తోక మీద ఎర్రటి చార కనబడింది. రక్తం. ఏ కట్టె గుచ్చుకుందో, లోపల ఏం తెగిందో అని ఇంట్లో అందరికీ టెన్షన్. పక్కింటి పెద్దమ్మ వచ్చి తోక ఎత్తి చూసి, "ఏం గాలే బిడ్డా. మొన్ననే ఎదకొచ్చి పోయింది, మీరే సూడలే" అన్నది.

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. ఎందుకంటే అప్పటికి 4 నెలలుగా మేం "మా పెయ్య ఎదకు రావట్లేదు" అని కనబడినవాళ్లందరికీ చెబుతున్నాం. అది వస్తూనే ఉంది, పోతూనే ఉంది.

ఆ రక్తం సంగతి ముందు చెప్పాలి. ఎద అంటే పశువు చూలు కట్టడానికి సిద్ధంగా ఉండే సమయం. ఎదలో ఉన్నప్పుడు ఈస్ట్రోజన్ అనే హార్మోన్ పెరిగి గర్భసంచి లోపలి పొరకు రక్తం బాగా చేరుతుంది. ఎద దాటాక ఆ హార్మోన్ పడిపోతుంది. సన్నని రక్తనాళాలు చిట్లి కొంచెం రక్తం బయటికి వస్తుంది. ఎద పోయిన 1 నుంచి 3 రోజుల్లో ఇది కనబడుతుంది, పెద్ద ఆవుల్లో కంటే పెయ్యల్లో ఎక్కువ. జబ్బు కాదు. చూలు నిలిచిందనో, నిలవలేదనో కూడా దాన్ని బట్టి చెప్పలేం. ఆ రోజు చూలు కోసం వీర్యం సూది వేయించినా లాభం లేదు, అండం కాలం అప్పటికే తీరిపోతుంది. కానీ తేదీ మాత్రం దొరికినట్టే. ఎద సగటున 21 రోజులకోసారి వస్తుంది, పెయ్యల్లో ఒక రోజు ముందుగానే రావచ్చు. 18 నుంచి 24 రోజుల మధ్య ఎప్పుడైనా సరైనదే. అంటే రక్తం కనబడిన 16వ రోజు నుంచి కాపు కాయాలి. క్యాలెండర్ మీద గుండ్రం చుట్టాం.

18వ రోజు తెల్లవారుజామున 5 గంటలకు టార్చి వేసి చూస్తే, తోక పక్కనుంచి మోకాలి దాకా తెగకుండా వేలాడుతున్న జిగురు తీగ. కోడిగుడ్డు తెల్లసొనలా స్వచ్ఛంగా ఉంది, వేలికి చుట్టినా సాగుతోంది. ఎదలో ఈ జిగురులో నీరు, ఉప్పు పెరుగుతాయి. ఒక చుక్కను గాజు పలక మీద ఆరబెట్టి మైక్రోస్కోప్ కింద చూస్తే ఆ ఉప్పు ఫెర్న్ ఆకుల్లా కొమ్మలు కొమ్మలుగా పేరుకుని కనిపిస్తుంది. జిగురు తెల్లగా, చీములా ఉంటే, వాసన వస్తే అది ఎద తీగ కాదు, గర్భసంచిలో చీము పట్టిందేమో డాక్టరుకు చూపించాలి.

ఎదకు శాస్త్రం పెట్టిన పేరు ఈస్ట్రస్, గ్రీకు భాషలో ఆ మాటకు మూలం జోరీగ. జోరీగ కుట్టిన పశువును చూసినవాళ్లకు ఆ పేరు ఎందుకొచ్చిందో విడమర్చి చెప్పక్కర్లేదు. మేత ముందు నిలవదు, ఊరికే అరుస్తుంది, మాటిమాటికీ మూత్రం పోస్తుంది, మానం ఉబ్బి ఎర్రబడుతుంది. అన్నిటికంటే నమ్మకమైన గుర్తు ఒకటే: వేరే పశువు మీదికెక్కితే కదలకుండా నిలబడటం. ఎక్కింది కాదు, నిలబడింది ఎదలో ఉన్నట్టు.

మన ఇళ్లలో చిక్కంతా ఇక్కడే ఉంది. ఒక్క పెయ్య, ఒక్క గుంజ, ఒక్క తాడు. ఎక్కేది ఎవరు, నిలబడేది ఎలా? పైగా ఎద 12 నుంచి 18 గంటలే ఉంటుంది, పెయ్యల్లో ఒక్కోసారి ఇంకా తక్కువ. ఆ తక్కువ సమయం కూడా చాలాసార్లు చల్లటి రాత్రి వేళ గడిచిపోతుంది. పాలు పిండే హడావిడిలో పక్కనుంచి పోతూ చూసింది చూసినట్టు కాదు. తెల్లారకముందు, మధ్యాహ్నం, పడుకోబోయే ముందు ఒక 20 నిమిషాలు పని ఏదీ పెట్టుకోకుండా నిలబడి చూడాలి. వీలుంటే రోజూ కాసేపు తాడు విప్పి ఇంకో పశువుతో దొడ్లో వదలాలి.

నిజానికి ఆ తీగను ముందు చూసేది పొద్దున్నే పేడ ఎత్తే ఆడవాళ్లే. 2000లో ముల్కనూరులో ఆడవాళ్లే సహకార డెయిరీ పెట్టుకుని నడిపిస్తున్న ప్రాంతం మనది. పశువుల దవాఖాన వాళ్లు ఊళ్లో మీటింగు పెడితే ముందు వరసలో ఆడవాళ్లను కూర్చోబెట్టాలని నేను గట్టిగా అంటాను.

సూది ఎప్పుడు? ఎద గుర్తులు ఆగిపోయాక దాదాపు 10, 12 గంటలకు అండం విడుదలవుతుంది, అది బతికేది కొన్ని గంటలే. వీర్యకణాలు లోపలికి చేరి సిద్ధం కావడానికి కూడా కొన్ని గంటలు పడుతుంది. అందుకే పొద్దున ఎద కనబడితే మాపటికి, మాపున కనబడితే తెల్లారి వేయించమంటారు. మేం ఊళ్లల్లో పశువులకు ఈ సూది వేసే గోపాలమిత్రకు ఫోన్ చేసి సాయంత్రానికి రమ్మన్నాం.

అంతకుముందు ఇంకో ప్రశ్న ఉంది, అసలు పెయ్య చూలు కట్టించేంత ఎదిగిందా అని. "ఏడాదిన్నర నిండింది కదా" అని వయసు లెక్క వేస్తాం. ఒంటికి కావాల్సింది బరువు. పెద్దయ్యాక ఉండే బరువులో దాదాపు 60 శాతం రావాలి. 350 కిలోల ఆవు కాబోయే పెయ్యకైతే 210 కిలోలు. కాటా అక్కర్లేదు, టైలర్ టేపు చాలు. ముందుకాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలతను అంగుళాల్లో తీసి దాన్ని దానితోనే హెచ్చవేసి, భుజం నుంచి పిరుదు ఎముక దాకా ఉన్న పొడవుతో మళ్లీ హెచ్చవేసి, 660తో భాగిస్తే సుమారు కిలోలు వస్తాయి. మా పెయ్యకు చుట్టు 56, పొడవు 46. లెక్క వేస్తే దాదాపు 219 కిలోలు. బరువు చాలకముందే కట్టిస్తే ఈనేటప్పుడు దూడ ఇరుక్కుని రెండు ప్రాణాలూ కష్టపడతాయి.

మొట్టమొదటి అండం చాలా పెయ్యల్లో ఏ గుర్తూ లేకుండానే విడుదలవుతుంది. ఆ తర్వాత వచ్చే రెండో, మూడో ఎదలోనే చూలు బాగా నిలుస్తుంది. కాబట్టి తొలి ఎదకే తొందరపడక్కర్లేదు, తేదీ రాసుకుంటే చాలు.

బరువు లేని పెయ్య ఎదకు రాకపోతే తప్పు దానిది కాదు. ఒంట్లో నిల్వ చాలనప్పుడు మెదడు ఎద హార్మోన్లను నడిపించదు. ఉత్త వరిగడ్డితో పెరిగిన పెయ్యకు మాంసకృత్తులూ చాలవు, భాస్వరమూ చాలదు. పచ్చిగడ్డి, కొంచెం దాణా, రోజూ ఖనిజ లవణ మిశ్రమం, వేళకు నట్టల మందు. ఎద రప్పించే హార్మోన్ సూది కంటే ముందు వీటికి ఖర్చు పెట్టాలి.

బర్రె పడ్డల దగ్గర ఇంకా కష్టం. వాటిది మూగ ఎద. ఒకదాని మీద ఒకటి ఎక్కడం అరుదు, తీగ కూడా పడుకున్నప్పుడే జారి నేలకు అంటుతుంది. ఎండాకాలం చాలా పడ్డలు ఎదకే రావు, పగలు తగ్గి చలి మొదలయ్యాక వస్తాయి. దసరా దాటాక వాటి మీద కన్ను వేసి ఉంచాలి.

సూది వేయించాక మళ్లీ 18 నుంచి 24 రోజుల మధ్య కాపు కాశాం. మా పెయ్య తిరగపొర్లలేదు, అంటే మళ్లీ ఎదకు రాలేదు. అంతమాత్రాన చూలు అనుకోకూడదని 3వ నెలలో డాక్టరుకు చూపించాం. ఆయన చెయ్యి పెట్టి చూసి తలూపారు. పెద్దమ్మ క్యాలెండర్ తిప్పి, ఈత నెల మీద తనే గుండ్రం చుట్టింది.