కంచరగాడిదల గట్టు మీద

బెథెస్డా, మేరీల్యాండ్

పెద్దోడికి, చిట్టితల్లికి తాతయ్య ఆశీస్సులు.

ఫొటోలు చూసి చిట్టితల్లి అడిగింది కదా, "మేడ మెట్లెక్కడానికే ఆయాసపడతావు, అంత దూరం ఎలా నడిచావు తాతా?" అని. ఫోన్లో చెబితే సగం మీరు వినరు, మిగతా సగంలో మీ అమ్మ బీపీ గురించి అడుగుతుంది. అందుకే కూర్చుని రాస్తున్నాను.

మేం నడిచింది పొటోమాక్ నది పక్కన. పోను రెండు మైళ్లు, రాను రెండు, అంటే మొత్తం ఆరున్నర కిలోమీటర్లు. మా బ్యాచ్‌లో నేనే కుర్రాణ్ణి. లెక్కల మాస్టారికి ఎనభై దాటాయి. ఊతకర్ర ఉంది గానీ, దాన్ని ఎక్కువగా వేలు బదులు చూపించడానికే వాడతారు. హాస్పిటల్లో హెడ్‌నర్సుగా రిటైరైన కాకినాడ అక్కయ్యగారు ఒకరు. రైల్వేలో గార్డుగా చేసిన పంజాబీ పెద్దాయన ఇంకొకరు. నేను ఇరిగేషన్లో చేశానని మీకు తెలుసు కదా. రైల్వే మనిషినీ కాలువ మనిషినీ ఒకే దారిన నడిపిస్తే రోజంతా వాదనే. అది మరీ ఈ దారి మీదైతే ఎందుకో కాసేపట్లో చెబుతాను.

ముందు చిట్టితల్లి ప్రశ్న. అక్కడ నది మైలు లోపే 76 అడుగులు కిందికి దూకుతుంది. దాన్ని గ్రేట్ ఫాల్స్ అంటారు. ఆ రాళ్లలో పడవ నడవదు. అందుకని నదిని వదిలేసి, పక్కనే వేరే కాలువ తవ్వారు. పేరు చీసాపీక్ అండ్ ఒహాయో కాలువ. వాషింగ్టన్ దగ్గరి జార్జ్‌టౌన్ నుంచి కొండల్లో ఉన్న కంబర్లాండ్ దాకా 184.5 మైళ్లు. మన గోదావరి కాలువల్లా పొలాలకు నీళ్లివ్వడానికి కాదు, అచ్చంగా పడవల కోసమే. పడవలకు ఇంజన్లు లేవు. కంచరగాడిదలు గట్టు మీద నడుస్తూ పొడవాటి తాడుతో లాగేవి. ఒక్కో పడవలో వంద టన్నులు దాటిన బొగ్గు! బండి మీదైతే ఆ బరువు కదిలే ప్రశ్నే లేదు. నీళ్ల మీద కాబట్టి రెండు మూడు గాడిదలతో సరిపోయింది, అదీ గట్టు మట్టంగా ఉంటేనే. గాడిద కోసం చదును చేసిన ఆ గట్టే ఇప్పుడు మా ముసలి మోకాళ్లకు పనికొచ్చింది.

మరి ఎత్తు ఏమైందంటావా పెద్దోడా? కంబర్లాండ్ జార్జ్‌టౌన్ కన్నా 605 అడుగులు ఎత్తున ఉంది. ఆ ఎత్తంతా పడవని మెట్టు మెట్టుగా పైకెత్తే లాకుల్లో పెట్టేశారు, మొత్తం 74 లాకులు. మేం వెళ్లిన చోట మైలు దూరంలోనే వరసగా ఆరున్నాయి. ఉద్యోగంలో ఉన్నప్పుడు ఏ లాకు దగ్గరికెళ్లినా ఫైళ్లూ సంతకాలే. ఇక్కడ తీరిగ్గా వంగి చూశాను. నిలువు రాతి గోడల మధ్య వంద అడుగుల పొడవు, పదిహేను అడుగుల వెడల్పు తొట్టి. పడవ వెడల్పు పద్నాలుగున్నర అడుగులు. అటూ ఇటూ మిగిలేది మూడేసి అంగుళాలు, చీకట్లో కూడా అందులో దూర్చాలి.

దిగువ నుంచి పడవ లోపలికి రాగానే వెనక తలుపులు మూస్తారు. ముందు తలుపుల అడుగున చిన్న షట్టర్లుంటాయి. వాటిని తిప్పితే ఎగువ నీళ్లు లోపలికి దూసుకొస్తాయి. నీళ్లతోపాటు పడవా ఎనిమిది అడుగుల దాకా లేస్తుంది. లోపలి మట్టం ఎగువ మట్టంతో సమానం కాగానే తలుపులు తీసి, పద. మోటారు లేదు, పంపు లేదు. తలుపు మీద అడ్డంగా పొడవాటి దూలం ఉంటుంది, దాన్ని నడుంతో తోస్తే చాలు. దిగేటప్పుడు ఇదంతా తిరగేసి చెయ్యాలి.

తలుపులు మూసినప్పుడు రెండూ తిన్నగా ఒక గీతలా కలవవు. ఎగువ వైపుకి మొగ్గి, కోణంలా ఆనుకుంటాయి. పైనుంచి నీళ్లు ఎంత నెడితే అంత బిగుస్తాయి. మాస్టారు ఆ దూలానికి చేరగిలబడి కోణాలూ బలాలూ పాఠం మొదలెట్టారు. అక్కయ్యగారు పులిహోర డబ్బా తెరిచేదాకా ఆపలేదు.

లాకుల పక్కన గట్టు కాస్త ర్యాంపులా లేస్తుంది. మోకాళ్లు గొణిగేది అక్కడే. రాతి గోడల్లో ఒకచోట అరచేతి కన్నా చిన్న గుర్తు చెక్కి కనిపించింది, బాణం లాంటిది. ఏ రాయి తన చేతిదో తెలియడానికి రాళ్లు చెక్కినవాళ్లు వేసుకున్న గుర్తులవి. ఈ కాలువ పనిచేసినవాళ్లలో చాలామంది ఐర్లండ్ నుంచి కూలికి వచ్చినవాళ్లు. 1832లో కలరా తగిలి పనిలోనే ఎందరో పోయారు. రాయి తడిమి చూశాను, గుర్తు అంచులు ఇంకా పదునుగానే ఉన్నాయి.

మీ ఈడు పిల్లలు ఇక్కడ ఏం చేసేవాళ్లో తెలుసా? చాలా పడవల్లో కుటుంబం మొత్తం ఉండేది. గాడిదల వెంట నడిచే పని పిల్లలదే, పొద్దుటి నుంచి రాత్రి దాకా. మరీ చిన్నవాళ్లు నీళ్లలో పడిపోకుండా నడుముకి తాడు కట్టి పడవకి ముడేసేవారు. చలికాలంలో కాలువ ఖాళీ చేసేవారు. బడికి వెళ్లేది అప్పుడే. సెలవులు చాలట్లేదని గొడవ చేసే పెద్దోడు ఈ పేరా రెండుసార్లు చదవాలి.

ఇక మా వాదన సంగతి. 1828 జులై 4న అధ్యక్షుడు జాన్ క్విన్సీ ఆడమ్స్ ఈ కాలువకి మొదటి పార వేశారు. పార వేరుకి తగిలి దిగలేదు. ఆయన కోటు విప్పి పక్కన పడేసి మళ్లీ తవ్వారు, జనం ఒకటే చప్పట్లు. సరిగ్గా అదే రోజు బాల్టిమోర్‌లో అమెరికా స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం చేసిన తొంభై ఏళ్ల చార్లెస్ కారల్ రైలు మార్గానికి శంకుస్థాపన చేశారు. రైలు 1842లోనే కంబర్లాండ్ చేరింది. కాలువ చేరేసరికి 1850. అక్కడి నుంచి పిట్స్‌బర్గ్ దాకా వెళ్లాలన్న ఆలోచనకి అక్కడే తెర పడింది. పంజాబీ పెద్దాయన ఇది విని, తానే ఆ రైలుకి పచ్చజెండా ఊపినంత సంబరపడ్డారు. 1889 వరదకి కాలువ కంపెనీ దివాలా తీసింది, 1924 వరదతో పడవలు పూర్తిగా ఆగిపోయాయి. 1938లో ప్రభుత్వం దీన్ని 20 లక్షల డాలర్లకు కొంది.

"మరి ఇప్పుడు మనం నడుస్తున్నది రైలు పట్టాల మీదా, కాలువ గట్టు మీదా?" అని నేనడిగాను. దానికాయన దగ్గర జవాబు లేదు.

నిజానికి గట్టు కూడా పోవాల్సిందే. 1950ల్లో దీని మీద కార్ల రోడ్డు వెయ్యాలనుకున్నారు. ఒక పెద్ద పత్రిక కూడా దాన్ని సమర్థించింది. సుప్రీంకోర్టు జడ్జి విలియం డగ్లస్‌కి ఒళ్లుమండి, "ముందు నాతో వచ్చి ఈ దారంతా నడిచి చూడండి" అని ఆ పత్రికకే ఉత్తరం రాశారు. 1954 మార్చిలో నిజంగానే బయల్దేరారు. అప్పటికి ఆయన వయసు 55. ఎనిమిది రోజుల్లో మొత్తం దూరం పూర్తిచేసింది ఆయనతో కలిపి తొమ్మిదిమందే. రోడ్డు రాలేదు. 1971లో ఇది జాతీయ చారిత్రక పార్కు అయింది.

జలపాతం గురించి రాయలేదని మీ అమ్మ అంటుంది. వంతెనల మీదుగా ఒక దీవికి వెళ్లి చూశాం. నీళ్ల హోరులో ఒకరి మాట ఒకరికి వినపడలేదు. కాబట్టి వాదనకీ కాస్త విరామం. పక్కనే బండరాళ్లెక్కే బిల్లీ గోట్ ట్రైల్ ఉంది. అది మీరొచ్చినప్పుడు మీ మామయ్యతో వెళ్లండి, నేను కింద బల్ల మీద కూర్చుని తాబేళ్లు లెక్కపెడతాను.

ఈలోగా మీకొక పని. ఆదివారం నాన్నతో ధవళేశ్వరం వెళ్లండి. కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయింది, ఆ కాలువల్లోనూ సరుకు పడవలు తిరిగాయి. లాకు దగ్గర నీళ్ల అంచుకి పోకుండా, గట్టు మీదే నిలబడి తలుపులు ఎటు మొగ్గి ఉన్నాయో చూడండి. బొమ్మ గీసి నాకు పంపండి. ఎగువ ఎటో బాణం గుర్తు పెట్టడం మర్చిపోకండి, మాస్టారికి చూపించాలి.

మీ తాతయ్య