పాత హారన్ స్పీకర్లో ముసలిదయ్యేది హారన్ కాదు

డాలస్‌లో ఉండే మా బావ 1970ల నాటి క్లిప్షార్న్ అనే హారన్ స్పీకర్ల జత ఒకటి కొన్నాడు. వారం తిరక్కుండా ఫోన్ చేసి, "సౌండ్ బోలెడంత వస్తోందిరా, కానీ పాట మీద దుప్పటి కప్పినట్టుంది, కొత్త ట్వీటర్ ఏది కొనమంటావ్?" అని అడిగాడు. ట్వీటర్ (పై స్వరాలు పలికే భాగం) ఏదీ కొనొద్దన్నాను. ముందు స్పీకర్ వెనకవైపు, స్వరాలను పంచే క్రాసోవర్ పలక మీదున్న కెపాసిటర్లను (కింది స్వరాలను ఆపి పై స్వరాలను వదిలే భాగాలు) మీటర్‌తో కొలవమన్నాను.

ఈ స్పీకర్‌ని తయారుచేసింది పాల్ క్లిప్ష్. 1946లో అమెరికాలోని ఆర్కాన్సా రాష్ట్రంలో హోప్ అనే చిన్న ఊళ్లో కంపెనీ పెట్టాడు. అప్పటి యాంప్లిఫయర్లు ఇచ్చేది కొద్ది వాట్లే, ఆ కొద్దిలోనే గది నిండాలి. మామూలు పెట్టె స్పీకర్‌కి 100 వాట్లు ఇస్తే శబ్దంగా మారేది ఒక వాటు అటూఇటూ, మిగతాదంతా వేడిగా పోతుంది. ఎందుకంటే కోన్ (శబ్దం చేయడానికి ఊగే గరాటు లాంటి భాగం) బరువు, గాలి తేలిక, ఎంత ఊపినా గాలి పక్కకి జారిపోతుంది. హారన్ చేసేది ఆ జారిపోయే గాలిని ఇరుకు గొంతులో పట్టి, కోన్‌కి ఎదురు నిలబెట్టి, మెల్లగా వెడల్పు చేస్తూ బయటి గాలికి అప్పగించడం. పొలం అవతలి గట్టు మీదున్న మనిషిని పిలిచేటప్పుడు నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుంటామే, అదే పని. క్లిప్షార్న్ ఒక వాటుకి మీటరు దూరంలో 104 డెసిబెల్స్ దాకా ఇస్తుంది. మామూలు స్పీకర్ 87 అనుకుంటే తేడా 17 డెసిబెల్స్, అంటే దీని ఒక వాటు దానికి 50 వాట్లతో సమానం!

బాస్ కోసం మాత్రం హారన్ మరీ పెద్దదవ్వాలి. 40 హెర్ట్జ్ అల ఒక్కటే ఎనిమిదిన్నర మీటర్ల పొడవు. అందుకే హారన్‌ని పెట్టెలో మడతలు పెట్టి, దాని చివరి భాగంగా గది మూలలోని రెండు గోడల్నే వాడుకున్నాడు. ఆ ఆలోచన నాకు ఇప్పటికీ అబ్బురంగానే ఉంటుంది.

ఇక్కడ మనవాళ్లకి బాగా తెలిసిన వస్తువు ఒకటి వస్తుంది. ఆ రోజుల్లో మధ్య స్వరాలకి వాడిన కె-55-వి డ్రైవర్‌ని (హారన్ వెనక ఉండి శబ్దం పుట్టించే యూనిట్) చేసిచ్చింది అట్లాస్ కంపెనీ, సభలకీ ఆటస్థలాలకీ వాడే హారన్ల యూనిట్లు చేసేవాళ్లు. రామాలయం మీదో పెళ్లి పందిరి దగ్గరో మైకు సెట్టు హారన్ వెనక మర బిగించి ఉండే గుండ్రటి యూనిట్‌కి ఇది దగ్గరి చుట్టం. లోపల బట్టకి రెజిన్ పట్టించి చేసిన డయాఫ్రం (కంపించే పలుచటి పొర), దాని అంచున సన్నటి వైరు చుట్ట, అంతే. బహిరంగ సభ సరుకు ఇంట్లో కచేరీకి పనికొచ్చిందంటే గొప్ప చాలావరకు హారన్‌ది, కొంత క్రాసోవర్‌ది.

ఏ స్వరం ఎవరికి వెళ్లాలో పంచేది క్రాసోవర్. 70లలో వాడిన 'ఎఎ' రకంలో 400 హెర్ట్జ్ కింద బాస్ పలికే ఊఫర్‌కి, 6000 పైన ట్వీటర్‌కి, మధ్యదంతా మిడ్‌కి, అంటే మధ్య స్వరాల డ్రైవర్‌కి. హారన్‌లోని చెక్క యాభై ఏళ్లయినా ఆకారం మారదు, కెపాసిటర్ మాత్రం లోలోపల నీరసపడుతుంది. బావ కొలిస్తే అదే తేలింది: కొత్త ఫిల్మ్ కెపాసిటర్‌కి లోపలి అడ్డంకి ఓంలో పదో వంతు కూడా ఉండదు, వీటిలో ఒకటి ఓం దాటింది. అవి మార్చగానే దుప్పటి చాలావరకు తొలగింది, ట్వీటర్ పాతదే. (పాత నూనె డబ్బా కెపాసిటర్లను కోసి చూడొద్దు. పిసిబిలనే విష రసాయనాలను అమెరికా 1979లో నిషేధించింది, అంతకుముందు వాటిలో అవి ఉండే అవకాశం ఉంది.)

ఆ తర్వాత బావకి ఉత్సాహం వచ్చి మిడ్ కూడా మార్చేద్దామన్నాడు, టైటానియం డయాఫ్రంది, ఇంకా గట్టిగా పలికేది. మార్చొచ్చు, తప్పులేదు, కానీ చాలామంది బోల్తా పడేది ఇక్కడే. మిడ్ ఎప్పుడూ ఊఫర్ కన్నా గట్టిగా పలుకుతుంది కాబట్టి క్రాసోవర్లో ఒక చిన్న ఆటో ట్రాన్స్‌ఫార్మర్ దాని జోరు తగ్గిస్తుంది, ఒక్కో ట్యాప్‌కి (వైరు తగిలించే మెట్టుకి) 3 డెసిబెల్స్. కొత్త డ్రైవర్ 3 డెసిబెల్స్ ఎక్కువ పలికిందని ట్యాప్ ఒకటి కిందికి మార్చామనుకోండి, ముందున్న కెపాసిటర్‌కి కనబడే ఓంలు రెట్టింపవుతాయి, దాంతో 400 దగ్గర ఉండాల్సిన సరిహద్దు 200కి జారుతుంది. ఆ కింది స్వరాలను ఆ హారన్ మోయలేదు, డయాఫ్రం గాలిలో ఊరికే కొట్టుకుని బొంగురు పోతుంది, ఒక్కోసారి తెగుతుంది కూడా. అందుకే సరిహద్దు మళ్లీ 400కి రావాలంటే 13 మైక్రోఫారడ్ల కెపాసిటర్‌ని తీసి ఆరున్నరది పెట్టాలి. డ్రైవర్ కొని క్రాసోవర్‌ని ముట్టుకోకుండా వదిలేసి "పాతదే నయం" అనేవాళ్లను చూస్తే నిజంగా బాధేస్తుంది, తప్పు కొత్త డ్రైవర్‌ది కాదు.

ఇంత చేసినా కెపాసిటర్లతో, కాయిళ్లతో తీరని లోటు ఒకటి ఉంది: ఆలస్యం. బాస్ హారన్ మడతల్లో తిరిగి రావాలి, మిడ్ దారి పొట్టిది. మీటరు తేడాకి దాదాపు 3 మిల్లీ సెకన్లు. 1930లలో హాలీవుడ్ సినిమా హాళ్ల హారన్లలో ఈ తేడా అంతకన్నా ఎక్కువగా ఉండేది, ట్యాప్ డాన్స్‌లో కాలు ఒక్కసారి తాటిస్తే రెండు దెబ్బలు వినబడేవట. ఎంజీఎం స్టూడియో వాళ్లు బాస్ హారన్‌ని పొట్టిది చేసి షియరర్ హారన్ కట్టడానికి అదొక కారణం.

హారన్‌ని పొట్టి చేయకుండా ఈ లెక్క సరిచేసే దారి డిజిటల్ క్రాసోవర్‌తో దొరికింది. మిడ్‌కి వెళ్లే సిగ్నల్‌ని ఆ కొద్ది మిల్లీ సెకన్లు ఆపి వదులుతుంది. క్లిప్ష్ తన చివరి రోజుల్లో తన కంపెనీ ఇంజినీరు రాయ్ డెల్గాడోతో కలిసి మొదలుపెట్టిన జూబిలీ అనే స్పీకర్ ఇప్పుడు ఆ పద్ధతిలోనే వస్తోంది: రెండే భాగాలు, 340 హెర్ట్జ్ దగ్గర్నుంచి పైకంతా ఒకే డ్రైవర్. పాత జతకీ ఇలా చేయొచ్చు, కాకపోతే ఒక్కో స్పీకర్‌కి మూడేసి యాంప్లిఫయర్లు కావాలి. బావ దగ్గర ప్రస్తుతం ఒకటే ఉంది. కెపాసిటర్లు మార్చిన రాత్రి ఎం.ఎస్. సుబ్బులక్ష్మి పాడిన సుప్రభాతం పెట్టి ఫోన్ స్పీకర్ ముందు పట్టుకున్నాడు. ఫోన్‌లో ఏం తెలుస్తుంది, అయినా ఇద్దరం చివరిదాకా విన్నాం.