నెమ్మదిగా సాగే పల్లెటూరి సినిమాల కెమెరా పని: అపోహలు - వాస్తవాలు

నేను కెమెరా డిపార్ట్‌మెంట్‌లో పనిచేస్తా. పెద్దగా కథ లేకుండా పొలాలు, ఇళ్లు, మనుషుల పనులు చూపిస్తూ మెల్లగా సాగే సినిమా వచ్చిందంటే చాలు, "లొకేషన్ అంత బాగుంటే ఎవరు తీసినా బాగానే వస్తుందిలే" అంటారు. ఆ అందం వెనక ఎంత పనుందో చెప్పాలనిపించి రాస్తున్నా.

అపోహ: ఊరు అందంగా ఉంటే కెమెరా పెడితే చాలు.

వాస్తవం: మిట్టమధ్యాహ్నం ఏ పొలంలోనైనా పెట్టి చూడండి. మనిషి కళ్లు నీడలో మునిగిపోతాయి, ఆకుల మీద మెరుపుకి పచ్చదనం పాలిపోతుంది. పోలరైజర్ (లెన్స్ ముందు పెట్టి తిప్పే, మెరుపు తగ్గించే ఫిల్టర్) వేస్తే ఆ మెరుపు తగ్గి ఆకు అసలు రంగు బయటికొస్తుంది, కానీ అదే ఫిల్టర్‌తో వైడ్ లెన్స్ (ఎక్కువ వెడల్పు చూపించేది) వాడితే ఆకాశం ఒకపక్క ముదురుగా ఒకపక్క లేతగా వచ్చేస్తుంది, కాబట్టి దాన్ని ఎంత తిప్పాలో షాట్ షాట్‌కీ చూసుకోవాల్సిందే.

అపోహ: నేచురల్ లైటింగ్ అంటే లైట్లు వాడకపోవడం.

వాస్తవం: నాకు బాగా బాధ కలిగించే అపోహ ఇదే. చిన్న కిటికీ ఉన్న చీకటి గదిలో ఒకావిడ కూర్చుని బియ్యం ఏరుతోంది అనుకోండి, ఆమె ముఖానికి ఎక్స్‌పోజర్ (కెమెరాలోకి ఎంత వెలుగు రానివ్వాలన్నది) పెడితే కిటికీ తెల్లగా పేలిపోతుంది, కిటికీకి పెడితే ఆమె నల్లటి బొమ్మ అయిపోతుంది. అప్పుడు కిటికీ వైపు నుంచే ఒక పెద్ద తెల్లగుడ్డ మీద లైట్ కొట్టి ఆ తిరిగొచ్చిన వెలుగుని ముఖం మీద పడనిస్తాం, రెండో పక్క నల్లగుడ్డ కట్టి నీడని కాపాడతాం. 1956లో వచ్చిన సత్యజిత్ రే బెంగాలీ సినిమా 'అపరాజితో' కోసం కెమెరామన్ సుబ్రతా మిత్రా, స్టూడియోలో వేసిన ఇంటి సెట్‌కి పైన తెల్లగుడ్డ కట్టి, లైట్లని దాని మీదికి కొట్టి, వాకిట్లో ఆకాశం వెలుగు పడుతున్నట్టే తీశాడు. చూసేవాళ్లకి అక్కడ లైటు ఉందని తెలియకపోవడమే ఆ పనిలో గొప్పతనం.

అపోహ: మ్యాజిక్ అవర్ (పొద్దుగూకాక చీకటి పడేలోపు ఉండే మెత్తటి వెలుగు) గంటసేపు ఉంటుంది.

వాస్తవం: ఉండదు. 1978లో వచ్చిన అమెరికన్ సినిమా 'డేస్ ఆఫ్ హెవెన్'లో చాలా సీన్లు పొద్దుగూకాక మిగిలే వెలుగులోనే తీశారు, దాని కెమెరామన్ నెస్టర్ అల్మెండ్రోస్ లెక్క ప్రకారం ఆ టైం సుమారు 20 నిమిషాలే. రోజంతా రిహార్సల్ చేసి ఆ కాసేపట్లో తీసేయాలి, వెలుగు తగ్గేకొద్దీ లెన్స్ ఓపెన్ చేస్తూ పోతుంటే స్పష్టంగా కనిపించే దూరం తగ్గిపోయి ఫోకస్ పుల్లర్‌కి (షాట్‌లో ఫోకస్ సరిచూసే అసిస్టెంట్‌కి) చుక్కలు కనిపిస్తాయి. ఆ ఏడాది సినిమాటోగ్రఫీ ఆస్కార్ అల్మెండ్రోస్‌కే వచ్చింది.

అపోహ: పొలం ఎక్కడికి పోతుంది, రేపైనా తీసుకోవచ్చు.

వాస్తవం: సత్యజిత్ రేదే 'పథేర్ పాంచాలి'లో రెల్లుపూల సీన్ కొంత తీసి, వారం తర్వాత మిగతాది తీద్దామని వెళ్తే పశువులు ఆ పూలన్నీ మేసేశాయి. మళ్లీ పూసే సీజన్ దాకా ఆగాల్సి వచ్చింది. పైరు రోజురోజుకీ పెరుగుతుంది, కోత అయ్యాక ఇంక కంటిన్యూటీ (ఒక షాట్‌కీ ఇంకో షాట్‌కీ అన్నీ ఒకేలా ఉండటం) అనే మాటే లేదు.

అపోహ: స్లో సినిమా కాబట్టి షూటింగ్ తేలిక.

వాస్తవం: కట్స్ తక్కువ అంటే దాచుకునే చోటు తక్కువ. రెండు నిమిషాల షాట్‌లో చివర్లో ఒక బైక్ వెనకనుంచి వెళ్లినా మొదటికే వస్తాం. పాన్ (కెమెరాని పక్కకి తిప్పడం) కూడా అంతే, సెకనుకి 24 ఫ్రేమ్స్‌లో కాస్త తొందరపడి తిప్పితే చెట్లు అదిరిపోతాయి, అందుకే ఫ్రేమ్‌లో ఒక వస్తువు ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్లడానికి కనీసం 7 సెకన్లు పట్టేలా తిప్పమంటారు.

అపోహ: నిశ్శబ్దం అంటే సౌండ్ లేకపోవడం.

వాస్తవం: సౌండ్ ట్రాక్ పూర్తిగా ఖాళీగా వదిలేస్తే థియేటర్‌లో స్పీకర్ పోయిందనుకుంటారు. తెల్లవారుజామున పక్షుల గోల వేరు, రాత్రి కీచురాళ్లు వేరు, అందుకే సౌండ్ వాళ్లు ఏ సీన్ ఏ టైంలో జరుగుతుందో ఆ టైంకే వెళ్లి ఆంబియెన్స్ (ఆ చోట సహజంగా వినిపించే చప్పుళ్లు) విడిగా రికార్డ్ చేస్తారు, ఆ కాసేపు యూనిట్‌లో మేమందరం కదలకుండా నిలబడతాం, జనరేటర్ కూడా ఆపేస్తాం.