ఆ పెట్టె ఎవరిది? ఆర్‌పీజీల్లో దొంగతనం, లూట్, అన్వేషణ: అపోహలు - వాస్తవాలు

రోల్ ప్లేయింగ్ గేముల్లో (ఆర్‌పీజీలు, అంటే ప్లేయర్ ఒక పాత్రగా మారి కథ నడిపే ఆటలు) లెవెల్ డిజైన్ నా పని. ప్లేయర్ తిరిగే ఊళ్లు, ఇళ్లు, గుహలు ఎలా ఉండాలో, ఏ గదిలో ఏ వస్తువు ఎక్కడ పెట్టాలో చూసుకుంటాను. ఒక గది సర్దడానికి కూర్చున్నప్పుడు ప్రతి వస్తువు గురించీ రెండు ప్రశ్నలు వేసుకుంటాను: ఇది ఎవరిది? ఇక్కడికి ఎలా వచ్చింది? ఈ రెండింటికీ జవాబు ఉంటే దొంగతనానికి బరువు వస్తుంది, లూట్‌కు, అంటే ఆటలో చేతికి దొరికే సొత్తుకు, విలువ వస్తుంది, వెతకాలన్న కోరిక దానంతటదే పుడుతుంది. జవాబు లేకపోతే ఎన్ని రూల్స్ పెట్టినా ఆ గది గోదాములాగే ఉంటుంది. ఈ రంగంలోకి కొత్తగా వచ్చేవాళ్లతో మాట్లాడుతున్నప్పుడు కొన్ని నమ్మకాలు పదేపదే వినిపిస్తుంటాయి. ఇక్కడ రాస్తున్నది వాటి గురించే.

అపోహ: శిక్ష గట్టిగా ఉంటే ప్లేయర్లు దొంగతనం మానేస్తారు.

వాస్తవం: మానరు, పాత సేవ్ లోడ్ చేసుకుంటారు. చెయ్యి వేసేముందు ఒకసారి సేవ్ చేసుకోవడం, దొరికిపోతే వెనక్కి వెళ్లడం ఆర్‌పీజీలు ఆడేవాళ్లకు బాగా అలవాటు. అక్కడికక్కడే పడే శిక్ష ఎంత పెద్దదైనా ఒక్క బటన్‌తో చెరిగిపోతుంది.

మా టీం చేసిన ఒక గేమ్ తొలి వెర్షన్‌లో ఎవరి వస్తువు ముట్టుకున్నా ఊళ్లో గార్డులంతా కత్తులు దూసేవారు. ప్లేటెస్ట్‌కు, అంటే విడుదలకు ముందు ఆడి చూడటానికి, వచ్చిన ఒకమ్మాయి, బల్ల దగ్గర కూర్చున్న ముసలాయనతో మాట్లాడబోయింది. కర్సర్ కాస్త పక్కకు జరిగి ఆయన ముందున్న గ్లాసు మీద పడింది. నిమిషంలో ఆమె క్యారెక్టర్ చచ్చిపోయింది. లోడ్ చేసింది. ఇంకో ఇంట్లో మళ్లీ అదే. మూడోసారి తర్వాత ఆమె ఇక దేన్నీ ముట్టుకోలేదు. అడవిలో దారి పక్కన పడి ఉన్న సంచిని కూడా చూసి వదిలేసి వెళ్లిపోయింది. మేం ఎంతో ఇష్టంగా రాసుకున్న ఉత్తరం ఒకటి ఆ సంచిలోనే ఉంది. అది నిజాయితీ కాదు, వస్తువు తీసే బటన్ అంటే పట్టుకున్న భయం. తర్వాత మార్చాం. గ్లాసు తీస్తే ముసలాయన తలెత్తి "అది నాది, ఉన్నచోట పెట్టెయ్" అంటాడు, కొన్ని సెకన్లు ఆగుతాడు. పెట్టేస్తే మాట్లాడతాడు, కాకపోతే ముక్తసరిగా. ఆ తర్వాతి ప్లేటెస్టుల్లో ఆ బల్ల దగ్గర లోడ్ చేసినవాళ్లు బాగా తగ్గారు.

శిక్ష ఆటను ఆపేయకూడదు, ఆటలో ఇంకో సన్నివేశం మొదలుపెట్టాలి. 1993లో గేమ్ బాయ్ మీద వచ్చిన 'లింక్స్ అవేకెనింగ్'లో షాపువాడి కళ్లుగప్పి సరుకు ఎత్తుకుపోవచ్చు. మళ్లీ ఆ షాపులో అడుగుపెడితే వాడు చంపేస్తాడు. కానీ ఆడినవాళ్లు చెప్పుకొనేది చావు గురించి కాదు. అప్పటినుంచి ఆటలో అందరూ ప్లేయర్‌ను పెట్టుకున్న పేరుతో కాకుండా 'దొంగ' అనే పిలుస్తారు. చావు క్షణంలో మర్చిపోతాం, ఆ పిలుపు మాత్రం వెంటాడుతుంది. 2023 నాటి 'బాల్డర్స్ గేట్ 3'లో జేబు కొట్టేశాక కాసేపటికి ఆ మనిషి గమనిస్తాడు, ఎవరు తీశారని చుట్టూ వెతుకుతాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునే పరిస్థితి అప్పుడు ప్లేయర్‌ది. అబద్ధమాడాలా, అక్కడినుంచి జారుకోవాలా, తప్పు ఒప్పుకోవాలా? అంత టెన్షన్ ఏ జరిమానాతోనూ రాదు.

అపోహ: దొంగ సొత్తు మీద ఎర్ర గుర్తు వేసేస్తే సరిపోతుంది.

వాస్తవం: తీయకముందు గుర్తు ఉండాల్సిందే. ఏది తీస్తే దొంగతనమో ప్లేయర్‌కు ముందే తెలియకపోతే అది మోసం. ఇబ్బంది తీసిన తర్వాత వస్తుంది. 2011 నాటి 'స్కైరిమ్'లో ఒక ఊళ్లో కొట్టేసిన పళ్లేన్ని దేశం ఆ చివర ఉన్న వర్తకుడు కూడా మామూలుగా కొనడు. అతనికి ఎలా తెలిసింది? ఎవరు చెప్పారు? దొంగ సొత్తు కొనేవాళ్ల దగ్గరికి ప్లేయర్‌ను పంపడానికి ఆ రూల్ పనికొస్తుంది, నిజమే. కానీ ఇక్కడ నిజం తెలిసింది మనుషులకు కాదు, పళ్లేనికి.

2002 నాటి 'మోరోవిండ్'లో ఆలోచన ఇంతకన్నా బాగుంది: వర్తకుడి దగ్గర కొట్టేసింది మళ్లీ అతనికే అమ్మబోతే గుర్తుపడతాడు. చిక్కల్లా ఆ గేమ్ వస్తువును రకాన్ని బట్టే గుర్తుపెట్టుకుంటుంది. అందుకని అదే రకం వస్తువు నిజాయితీగా సంపాదించి తెచ్చినా 'ఇది నాదే' అంటాడు. 2018లో వచ్చిన 'కింగ్‌డమ్ కమ్: డెలివరెన్స్'లో దొంగ సొత్తు గుర్తు కొంతకాలానికి మాసిపోతుంది. కొన్నాళ్లు దాచిపెట్టి, గొడవ సద్దుమణిగాక అమ్ముకోవడం నిజంగా దొంగలు చేసే పనే. 2025లో వచ్చిన దాని రెండో భాగంలో ఎవరూ కళ్లారా చూడకపోయినా, పోయిన వస్తువు దగ్గర ఆ వేళకు తచ్చాడిన మనిషి మీద అనుమానం పడుతుంది. దొరికితే బొండకొయ్యలో బిగించి అందరి ముందూ నిలబెట్టడం కూడా ఉంది. నేను పనిచేసే చోట ఎప్పుడూ ఒకటే వాదిస్తాను: ఎవరు చూశారు, ఎవరికి చెప్పారు, ఎన్నాళ్లు గుర్తుంటుంది అన్న లెక్క మనుషుల దగ్గర పెట్టండి, వస్తువు మీద కాదు.

అపోహ: ఎవరూ చూడకపోతే దొంగతనానికి అర్థం లేదు.

వాస్తవం: మన గేముల్లో చాలావరకు 'దొరికితే దొంగ, దొరక్కపోతే దొర' పద్ధతిలోనే నడుస్తాయి. స్కైరిమ్‌లో వర్తకుడి తలమీద బకెట్ బోర్లించి, అతను చూపు ఆనక నిలబడి ఉంటే షాపంతా ఊడ్చుకుపోయిన వీడియోలు అందరూ చూసినవే. చూపు ఎంత దూరం పోతుందో గేమ్ కచ్చితంగా లెక్కేస్తుంది. తన నెత్తిమీద బకెట్ పెడుతున్న మనిషిని అనుమానించాలని మాత్రం దానికి ఎవరూ నేర్పలేదు.

దీనికి పూర్తిగా ఎదురుదారిలో నడిచింది 1985 నాటి 'అల్టిమా 4'. అందులో మంత్రాలకు కావాల్సిన మూలికలు అమ్మే మనిషి గుడ్డి. ఎంత ఇస్తున్నావో నువ్వే టైప్ చేయాలి. తక్కువ ఇచ్చినా సరుకు చేతికి వస్తుంది. గార్డు రాడు, ఆ క్షణంలో హెచ్చరికా ఉండదు. కానీ గేమ్ లోపల నిజాయితీ లెక్క తగ్గుతుంది. ఆ గేమ్ లక్ష్యమే 8 సద్గుణాలు సాధించడం కాబట్టి, తర్వాతెప్పుడో ఆ చిల్లర అడ్డం తిరుగుతుంది.

ఇదే పని 2008 నాటి 'ఫాల్అవుట్ 3' కూడా చేస్తుంది. ఎవరూ లేనిచోట తీసినా కర్మ పాయింట్లు తగ్గుతాయి. అక్కడ నాకు అంతగా నచ్చలేదు. ఎందుకంటే ఆ ప్రపంచంలో కర్మను లెక్కపెట్టే కన్ను ఎవరిదో కథ చెప్పదు. అల్టిమాలో ఆ కన్ను కథలోనే ఉంది.

అపోహ: హీరో ఇళ్లలోకి వెళ్లి పెట్టెలు తెరవడం సంప్రదాయం, దాని గురించి ఆలోచించక్కర్లేదు.

వాస్తవం: 'డ్రాగన్ క్వెస్ట్' సిరీస్ తరహా జపాన్ ఆర్‌పీజీల్లో ఎవరింట్లోకైనా చొరబడి, కుండలు పగలగొట్టి, బీరువాలు వెతికి, ఇంటివాళ్లకు నమస్కారం పెట్టి రావచ్చు. ఆ ఇళ్లలో వాళ్లు ఏమీ అనరు. అది ఒక ఒప్పందం, అందులో తప్పేమీ లేదు. ఆ ఒప్పందం ఉందని డిజైనర్‌కు తెలియకపోవడమే తప్పు.

తెలిస్తే ఏం చేయొచ్చో 1995లోనే 'క్రోనో ట్రిగర్' చూపించింది. మొదట్లోనే ఒక తిరునాళ్ల ఉంటుంది. ఒక బల్ల మీద ఎవరిదో భోజనం కనిపిస్తుంది. బటన్ నొక్కితే తినేయొచ్చు. ఏ గుర్తూ ఉండదు, ఎవరూ అరవరు. దాదాపు అందరం తినేస్తాం, ఎందుకంటే అంతకుముందు ఆడిన ప్రతి గేమూ అలా చేయమనే నేర్పింది. చాలాసేపటి తర్వాత కథ మలుపు తిరిగి హీరోను కోర్టు బోనులో నిలబెడతారు. అప్పుడు ఆ భోజనం తాలూకు ముసలాయన సాక్షిగా వస్తాడు. తిరునాళ్లలో అమ్మాయిని ఢీకొన్నప్పుడు కింద పడిన లాకెట్ వైపు ముందు పరిగెత్తావా, ఆమెను ముందు పలకరించావా అన్నది కూడా అక్కడ బయటికి వస్తుంది.

నేను దీన్ని మొదటిసారి ఆడినప్పుడు కంట్రోలర్ ఒళ్లో పెట్టుకుని కాసేపు అలాగే ఉండిపోయాను. ఆ సాక్ష్యం ఎలా ఉన్నా హీరో జైలుకు పోవడం తప్పదు. తీర్పు మారినా కథ మారదు. అయినా దెబ్బ తగులుతుంది, ఎందుకంటే ఆ భోజనానికి యజమాని ఉన్నాడని, అతను ఆకలితో ఉండిపోయాడని తెలిసింది. దానికి పెద్ద సిస్టమ్ ఏమీ అక్కర్లేకపోయింది. ఒక వస్తువు, ఒక మనిషి, జరిగింది గుర్తుపెట్టుకోవడానికి ఒక చిన్న గుర్తు. మా దగ్గర 'దొంగతనం సిస్టమ్‌కు బడ్జెట్ లేదు' అని ఎవరైనా అంటే నేను చెప్పే ఉదాహరణ ఇదే.

అపోహ: లూట్ ఎంత ఎక్కువగా రాలితే ఆట అంత మజాగా ఉంటుంది.

వాస్తవం: ఎక్కువైతే ప్లేయర్ ఆడటం మానేసి సామాన్లు సర్దుకుంటూ కూర్చుంటారు. లూట్‌లో మజా చేతికి రావడంలో ఉందా, దొరకడంలో ఉందా అన్న ప్రశ్నకు 'డయాబ్లో 3' పెద్ద మూల్యం చెల్లించి జవాబు తెచ్చింది. 2012లో ఆ గేమ్‌తో పాటు వేలం మార్కెట్ పెట్టారు. రాక్షసులను చంపి సంపాదించాల్సిన ఆయుధాన్ని అక్కడ కొనుక్కోవచ్చు. చివరికి అది ఆట అసలు ఉద్దేశాన్నే దెబ్బతీస్తోందని తయారీదారులే ఒప్పుకుని 2014 మార్చి 18న మూసేశారు. అందరి దగ్గరా మంచి కత్తులు ఉన్నాయి. ఎవరికీ అవి దొరికిన కథ లేదు.

2015 నాటి 'ఫాల్అవుట్ 4' చెత్తకు ప్రాణం పోసింది. పాడైన టేబుల్ ఫ్యాన్‌లో స్క్రూలు ఉంటాయి, ఆ స్క్రూలు తుపాకీని మెరుగుపరచుకోవడానికి కావాలి. దాంతో ప్రతి గదినీ కొత్త కళ్లతో చూస్తాం. అయితే కొంతసేపయ్యాక మనుషులు బతికిన ఇల్లు కూడా స్క్రూల కుప్పలాగే కనిపించడం మొదలవుతుంది, అది నాకు బాధగా ఉంటుంది.

అదే ఏడాది వచ్చిన 'విచర్ 3'లో ప్లేయర్లు ఒక ఊళ్లో ఆవులను చంపి తోళ్లు అమ్మి, ధ్యానం చేసి (ఆటలో కాలం గడిపే పద్ధతి అది), మళ్లీ వచ్చిన ఆవులను చంపి డబ్బు పోగేశారు. తర్వాతి అప్‌డేట్‌లో తయారీదారులు ఆ ఆవుల తరఫున ఒక భయంకరమైన రాక్షసుణ్ణి దింపారు. లోపాన్ని కూడా ఆ ప్రపంచం భాషలోనే సరిదిద్దిన ఆ పద్ధతి నాకు చాలా ఇష్టం.

అపోహ: ఎక్కడ వెతికినా ప్లేయర్ లెవెల్‌కు (ఆటలో పెరిగిన బలానికి) తగ్గ వస్తువే దొరకాలి.

వాస్తవం: 2006 నాటి 'ఆబ్లివియన్'లో ప్లేయర్ లెవెల్ పెరిగేకొద్దీ దారిదోపిడీగాళ్లు కూడా ఖరీదైన గ్లాస్ కవచాలు తొడుక్కుని ఎదురయ్యేవారు. అంత సొత్తు ఉన్నవాడు దారి కాచి చిల్లర ఎందుకు అడుగుతాడు? ప్రమాదకరమైన చోట మంచి వస్తువు, మామూలు చోట మామూలు వస్తువు. తొందరపడి వెళ్లి బతికి బయటపడినవాళ్లకు ముందే దొరికితే దొరకనివ్వండి.

అపోహ: మ్యాప్ నిండా గుర్తులు ఉంటేనే ప్లేయర్లు అన్వేషిస్తారు.

వాస్తవం: గుర్తులు ఉంటే వాటి దగ్గరికి వెళ్లి వస్తారు, దాన్ని అన్వేషణ అనలేం. 2017 నాటి 'బ్రెత్ ఆఫ్ ద వైల్డ్' టీం తమ కొండలను త్రిభుజాల ఆకారంలో ఎందుకు మలిచిందో వివరంగా చెప్పింది. త్రిభుజం వెనకున్నదాన్ని దాస్తుంది. ఎక్కి దాటాలా, చుట్టూ తిరిగి వెళ్లాలా అన్నది ప్లేయర్ తేల్చుకోవాలి, తిరుగుతుంటే దాగినది మెల్లగా బయటపడుతుంది. అందులో 900 కొరోక్ విత్తనాలు దాచారు, కానీ వాటిని ఇచ్చి ఆయుధాలు మోసే సంచులన్నీ పూర్తిగా పెంచుకోవడానికి 441 చాలు. మిగతావి అన్నీ పోగేయమని కాదు, ఎవరు ఏ దారిన పోయినా ఏదో ఒకటి తగలాలని. 2022లో వచ్చిన 'ఎల్డెన్ రింగ్' మ్యాప్ మీద ఇంకా తెరుచుకోని ప్రాంతంలో చిన్న రాతి స్తంభం బొమ్మ మసకగా కనిపిస్తుంది. అక్కడికి వెళ్తే మ్యాప్ ముక్క దొరుకుతుందని ఎవరూ చెప్పరు. మనమే కనిపెడతాం.

నేను గుహ డిజైన్ చేసేటప్పుడు నిధి పెట్టె చివర పెడతాను. దానికి ముందు ఎవరో బతికిన జాడలు పెడతాను. ఒకసారి ఒక గుహలో పడక రెండు, గిన్నె ఒకటి, తలుపుకు లోపలివైపు గడియ పెట్టాను. ప్లేటెస్ట్‌లో ఒకతను పెట్టె తెరవకముందే ఆ గడియ దగ్గర ఆగి, "బయటినుంచి ఎవరొస్తారని వీళ్లకు భయం?" అన్నాడు. ఆ పెట్టెలో ఏం పెట్టామన్నది అతనికి అప్పుడు పెద్దగా పట్టలేదు.

అపోహ: దొంగతనం వద్దనుకుంటే వస్తువులను కదలకుండా చేయడం చేతకానితనం.

వాస్తవం: కాదు, అది నిజాయితీగల నిర్ణయం. మీ కథకు దొంగతనంతో పని లేకపోతే గ్లాసులన్నీ బల్లకు అతికించేయండి. ఒక్క షరతు: ఎత్తగలిగేవి, ఎత్తలేనివి చూడగానే తేడా తెలియాలి, ఆట మొదటి గంట నుంచి చివరి గంట దాకా ఆ తేడా ఒకేలా ఉండాలి. ఒక గదిలో గ్లాసు చేతికి వచ్చి, పక్క గదిలో అదే గ్లాసు బొమ్మలా అతుక్కుని ఉంటే ప్లేయర్ ప్రతి బల్ల దగ్గరా ఆగి ప్రతి గ్లాసు మీదా నొక్కి చూస్తూనే ఉంటారు.