శిశు సంరక్షణ కేంద్రాల్లో క్రిముల వ్యాప్తి: అపోహలు - వాస్తవాలు

పసిపిల్లల సంరక్షణలో ఉన్న మాకు తల్లిదండ్రుల నుంచే కాక, కొత్తగా పనిలో చేరిన ఆయాల నుంచి కూడా కొన్ని మాటలు తరచూ వినబడుతుంటాయి. వాటిని నమ్మి నడుచుకుంటే నష్టపోయేది పిల్లలే.

అపోహ: జబ్బుపడిన బిడ్డను ఇంటికి పంపేస్తే మిగతా పిల్లలు క్షేమం.

వాస్తవం: జ్వరం వచ్చిన బిడ్డను ఇంటి వద్దే ఉంచి, మందు వేయకుండానే 24 గంటల పాటు జ్వరం లేదని తేలాకే తీసుకురావాలన్న నియమం మంచిదే. కానీ జబ్బు బయటపడే వేళకు అది నలుగురికీ అంటుకుని ఉండవచ్చు. ఆటలమ్మ పొక్కులు కనబడడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే సోకుతుంది. చేతులు, పాదాలు, నోటిలో పొక్కులు లేచే హ్యాండ్ ఫుట్ మౌత్ జబ్బులో, బిడ్డ కోలుకున్న తరువాత కూడా కొన్ని వారాల పాటు మలంలో వైరస్ వెలువడుతూనే ఉంటుంది. అందుచేత హుషారుగా ఆడుకుంటున్న బిడ్డ విషయంలోనూ అదే జాగ్రత్త అవసరం.

అపోహ: చేతికి తొడుగులు వేసుకుంటే చేతులు కడగనక్కర్లేదు.

వాస్తవం: నన్ను అన్నింటికన్నా ఎక్కువగా కలవరపెట్టేది ఈ నమ్మకమే. డైపర్ మార్చే బల్ల దగ్గర, మలం తుడిచిన తొడుగుతోనే క్రీము డబ్బా మూత తిప్పడం, కాసేపటికి అదే మూతను మరొకరు ఉత్తి చేత్తో పట్టుకోవడం నేను కళ్లారా చూశాను. తొడుగులు తీసేటప్పుడు కూడా మురికి చేతికి అంటుతుంది కనుక, తీసిన వెంటనే సబ్బుతో 20 సెకన్లు రుద్ది కడుక్కోవాలి. బిడ్డ చేతులు కూడా కడగాలి. పడుకోబెట్టినప్పుడు ఆ చిట్టి చేతులు ఎక్కడెక్కడ తగిలాయో మనం గమనించలేము.

అపోహ: శానిటైజర్ ఉంటే సబ్బు అవసరం లేదు.

వాస్తవం: కనీసం 60 శాతం ఆల్కహాల్ ఉన్న శానిటైజర్ చాలా క్రిములపై పనిచేస్తుంది గానీ, వాంతులు, విరేచనాలు కలిగించే నోరోవైరస్‌పై అంతగా పనిచేయదు. మురికి అంటిన చేతులకు సబ్బూ నీళ్లే కావాలి.

అపోహ: ఫినాయిల్ వాసన గుప్పుమంటే గది శుభ్రమైనట్టే.

వాస్తవం: వాసనకూ శుభ్రతకూ సంబంధం లేదు, పైగా ఘాటు వాసనలు ఉబ్బసం ఉన్న పిల్లలకు ఇబ్బంది కలిగిస్తాయి. ముందు సబ్బునీటితో మురికి వదిలించి, ఆ తరువాతే క్రిమిసంహారకం వాడి, సీసాపై రాసినంత సేపు ఉపరితలాన్ని తడిగా ఉండనివ్వాలి. చల్లిన వెంటనే తుడిచేస్తే ఆ శ్రమ వృథా. నీళ్లలో కలిపిన బ్లీచ్ క్రమంగా శక్తి కోల్పోతుంది కనుక ఏ రోజుకారోజు కలుపుకోవాలి. దానిలో యాసిడ్, అమోనియా కలిస్తే విషవాయువులు పుడతాయి కాబట్టి ఇతర ద్రావణాలేవీ చేర్చకూడదు.

అపోహ: చీమిడి పచ్చబడితే యాంటీబయాటిక్ వేయాల్సిందే.

వాస్తవం: మామూలు జలుబులోనూ చీమిడి పచ్చబడుతుంది. వైరస్‌పై యాంటీబయాటిక్ పనిచేయదు.

అపోహ: బొమ్మలను వారానికోసారి కడిగితే చాలు.

వాస్తవం: పసివాడు చప్పరించి పడేసిన గిలక్కాయను మరు నిమిషంలో పక్క బిడ్డ నోట్లో పెట్టుకుంటుంది. అందుకే పిల్లలకు అందని ఎత్తులో ఒక తొట్టి ఉంచి, నోట్లో పెట్టుకున్న ప్రతి బొమ్మనూ అప్పటికప్పుడే అందులో వేయాలి. కడిగి, క్రిమిసంహారకం పట్టించి, మళ్లీ మంచినీటితో కడిగి ఆరబెట్టాకే దానిని ఇంకో బిడ్డ చేతికి ఇవ్వాలి.